పదమూడు అంగుళాల కటకం: ఆకాశాన్ని గాజుపలకలపై కొలిచిన కాలం

ఇంగ్లండు ఆగ్నేయ భాగాన ససెక్స్ ప్రాంతంలోని హర్స్ట్‌మన్‌సూలో, ఒకప్పుడు రాయల్ గ్రీనిచ్ వేధశాల వాడి పక్కన పెట్టిన దూరదర్శినులు కొన్ని సందర్శకుల కోసం భద్రపరచి ఉన్నాయి. వాటిలో 13 అంగుళాల వ్యాసం గల కటకాన్ని ముఖాన ధరించిన ఒక పొడవాటి గొట్టం, చూపులకు సాధారణమైన పాత దూరదర్శినిలాగే ఉన్నా, కన్ను ఆనించి చూడడానికి తయారైనది కాదు. 1890లో డబ్లిన్ నగరంలోని హోవర్డ్ గ్రబ్ కర్మశాల నిర్మించిన ఆ సాధనం నిజానికి ఒక పెద్ద కెమెరా. దాని కటకం పోగుచేసిన వెలుగు గొట్టం చివర బిగించిన గాజుప్లేటు మీద పడి, అక్కడి రసాయన పూతలో నల్లని చుక్కలుగా నిలిచిపోయేది. నక్షత్రాల స్థానాలను కొలవడానికి ఉద్దేశించిన ఇటువంటి కెమెరాను ఆస్ట్రోగ్రాఫ్ అంటారు. ఒకే ప్రమాణానికి లోబడిన ఆస్ట్రోగ్రాఫులు పారిస్ నుంచి సిడ్నీ దాకా ఇరవైకి దగ్గరగా వేధశాలల్లో పనిచేశాయి. ఆ సమష్టి యత్నంలో పాలుపంచుకున్న ఏకైక ఆసియా నగరం హైదరాబాదు కావడం వల్ల, ఈ కటకం చరిత్ర తెలుగు పాఠకులకు పూర్తిగా పరాయిది కాదు.

నక్షత్రపటాలు గీసే పని 19వ శతాబ్దం చివరి పాదం వరకు కంటి చూపు మీదే ఆధారపడి ఉండేది. పారిస్ వేధశాలలో పాల్ హెన్రీ, ప్రాస్పర్ హెన్రీ అనే సోదరులు సూర్యుని వార్షిక మార్గమైన క్రాంతివృత్తం వెంబడి ఉన్న నక్షత్రాలను ఒక్కొక్కటిగా గుర్తిస్తూ పటాలు తయారుచేసేవారు. ఆ మార్గం పాలపుంతను దాటే చోట నక్షత్రాలు ఎంత దట్టంగా ఎదురయ్యాయంటే, చేతితో గీయడం అసాధ్యమని తేల్చుకున్న ఆ సోదరులు ఫోటోగ్రఫీ వైపు మళ్ళి, 1885లో 33 సెంటీమీటర్ల కటకంతో ఒక కెమెరాను నిర్మించారు. అదే సంవత్సరం కృత్తికలను చిత్రించినప్పుడు, అంతవరకు ఏ కంటికీ ఆనని ఒక నీహారిక, అంటే కాంతిని వెదజల్లే ధూళిమేఘం, మాయా అనే నక్షత్రం చుట్టూ బయటపడింది. కంటికి తెలియనిది ప్లేటుకు తెలుస్తుందని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేకపోయింది.

ఇదే కాలంలో దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలలో డేవిడ్ గిల్ మరో దారిలో ఇదే నిర్ణయానికి వచ్చాడు. 1882 నాటి మహా తోకచుక్కను స్థానిక ఫోటోగ్రాఫరు సాయంతో చిత్రించిన గిల్, తోకచుక్క వెనుక ప్లేటు నిండా నక్షత్రాలు పడి ఉండడం గమనించి, దక్షిణాకాశాన్నంతటినీ ఈ పద్ధతిలోనే నమోదు చేయాలని సంకల్పించాడు. ఆయన తీసిన ప్లేట్లను నెదర్లాండ్సులోని గ్రోనింగెన్‌లో ఖగోళశాస్త్రజ్ఞుడు కాప్టైన్ కొలిచి, 4,54,875 నక్షత్రాల పట్టికను రూపొందించాడు. గిల్ ప్రోత్సాహంతో, పారిస్ వేధశాల అధిపతి అడ్మిరల్ మూషే పూనికతో, 1887 ఏప్రిల్‌లో యాభై మందికి పైగా ఖగోళశాస్త్రజ్ఞులు పారిస్‌లో సమావేశమై, ఆకాశమంతటినీ ఒకే ప్రమాణంలో చిత్రించాలని తీర్మానించారు. ఈ పథకానికి కార్త్ దు సియెల్, అనగా ఆకాశపటం, అని పేరు పెట్టారు.

తీర్మానంలోని కీలకమంతా కటకం కొలతలోనే ఇమిడి ఉంది. కటకం వ్యాసం సుమారు 33 సెంటీమీటర్లు, అంటే 13 అంగుళాలు. దాని నాభ్యంతరం, అనగా కటకానికీ బింబం స్పష్టంగా ఏర్పడే చోటుకూ మధ్య దూరం, సుమారు 3.43 మీటర్లు. ఈ రెండో అంకెను యాదృచ్ఛికంగా ఎంచుకోలేదు. డిగ్రీలో 60వ వంతును కళ అనీ, కళలో 60వ వంతును వికళ అనీ మన జ్యోతిర్గణితం వ్యవహరిస్తుంది. వృత్త పరిధిని కళలుగా విభజించినప్పుడు దాని వ్యాసార్ధం దాదాపు 3,438 కళలవుతుంది. ఆర్యభటుడు తన జ్యాపట్టికకు ఆధారంగా తీసుకున్న వ్యాసార్ధం ఈ సంఖ్యే. నాభ్యంతరం అదే సంఖ్య గల మిల్లీమీటర్లయితే, ఆకాశంలో ఒక కళ దూరం ప్లేటు మీద సరిగ్గా ఒక మిల్లీమీటరు అవుతుంది. ఈ లెక్కన పూర్ణచంద్రుడి బింబం సుమారు 31 మిల్లీమీటర్ల వెడల్పున ముద్రపడుతుంది; రెండేసి డిగ్రీల ఆకాశపు చదరం 12 సెంటీమీటర్ల చదరంగా ఒదుగుతుంది. ఏ దేశంలో తీసిన ప్లేటునైనా మరో దేశంలోని ప్లేటుతో నేరుగా పోల్చగలిగే వీలు ఈ ఒక్క నిబంధనతో కలిగింది.

ఆస్ట్రోగ్రాఫ్ కటకం మరో విషయంలోనూ ప్రత్యేకమైనది. రంగురంగుల కాంతి గాజు గుండా ఒక్కో తీరుగా వంగుతుంది కనుక, ఏ కటకమైనా అన్ని రంగులనూ ఒకే చోట కేంద్రీకరించలేదు. కంటితో చూసే దూరదర్శినులలో పసుపు, ఆకుపచ్చ కాంతులు ఒకే చోట కలిసేలా రెండు రకాల గాజులను జతచేసేవారు. ఆనాటి ఫోటో ప్లేట్లు మాత్రం నీలి, ఊదా కాంతికే స్పందించేవి కనుక, ఆస్ట్రోగ్రాఫ్ కటకాన్ని ఆ కాంతికి తగినట్లు సానపట్టవలసి వచ్చింది. అటువంటి కటకం గుండా కంటితో చూస్తే నక్షత్రం మసకబారిన మచ్చగానే తోస్తుంది. అందువల్ల అదే పీఠం మీద పక్కన మరో దూరదర్శినిని అమర్చి, పరిశీలకుడు దాని గుండా ఒక నక్షత్రాన్ని గమనిస్తూ, భూభ్రమణం వల్ల అది అడ్డగీతల కూడలి నుంచి తొలగకుండా యంత్రాన్ని సరిదిద్దుతూ ఉండేవాడు. పారిస్‌లో హెన్రీ సోదరుల కటకాలు, డబ్లిన్‌లో గ్రబ్ కటకాలు ఈ పథకానికి ప్రధానంగా ఉపయోగపడ్డాయి. గ్రీనిచ్, ఆక్స్‌ఫర్డ్, కేప్, సిడ్నీ, మెల్బోర్న్ వేధశాలలు గ్రబ్ కర్మశాలనే ఆశ్రయించాయి.

కటకంతో సమానమైన ప్రాముఖ్యం గల మరో భాగం రేజో అనే గళ్ల పలక. వెండిపూత పూసిన గాజు మీద 5 మిల్లీమీటర్ల ఎడంతో నిలువు, అడ్డ గీతలు గీకి, ఆ గీతల గుండా దీపపు వెలుగును ఫోటో ప్లేటు మీదికి ముందుగా పంపేవారు. ఆ తరువాత అదే ప్లేటును ఆకాశానికి అభిముఖంగా ఉంచి, రెండు ముద్రలనూ ఒకేసారి రసాయనాలలో కడిగేవారు. దాంతో నక్షత్రాల చుక్కలు లెక్కల పుస్తకపు గళ్ల కాగితం మీద పెట్టినట్లు కనిపించేవి. కడిగి ఆరబెట్టేటప్పుడు ప్లేటు మీది పూత ఎక్కడైనా సాగినా కుంచించుకుపోయినా, గీతలు కూడా అంతే మేర కదులుతాయి కనుక, ఆ దోషాన్ని పట్టుకొని సవరించే అవకాశం ఉండేది. ప్లేటు మీద ఒక వికళ అంటే మిల్లీమీటరులో 60వ వంతు మాత్రమే అని గుర్తుంచుకుంటే, ఇంత జాగ్రత్త ఎందుకు అవసరమైందో బోధపడుతుంది.

పథకంలో రెండు భాగాలు ఉండేవి. మొదటిది 11వ ప్రకాశ తరగతి వరకు గల నక్షత్రాల స్థానాలను కొలిచి అంకెలుగా అచ్చువేసే పట్టిక. ప్రకాశ తరగతి సంఖ్య పెరిగేకొద్దీ నక్షత్రం మందగిస్తుంది. మంచి కన్ను ఆరో తరగతి వరకు చూడగలదు, 11వ తరగతి నక్షత్రం దానికంటే నూరు రెట్లు మసకగా ఉంటుంది. ఇందుకోసం ఒక్కో ప్లేటు మీద ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, 20 సెకన్ల చొప్పున మూడు ముద్రలు తీసేవారు. సుమారు 22,000 ప్లేట్లు అవసరమైన ఈ పనిలో, ఒక ప్లేటు మూల మరో ప్లేటు నడిమికి వచ్చేలా అమర్చినందువల్ల ప్రతి నక్షత్రమూ కనీసం రెండు ప్లేట్ల మీద దొరికేది. రెండో భాగం 14వ తరగతి వరకు గల నక్షత్రాలను చూపే అచ్చుపటం. దీనికి అరగంట చొప్పున మూడు ముద్రలను చిన్న త్రిభుజాకారంలో తీసేవారు. మూడు చుక్కలుగా పడినది నక్షత్రమనీ, ఒంటిగా ఉన్నది దుమ్ము మరక అనీ తేల్చడానికి అది మార్గం. రాగిరేకుల మీదికి ఎక్కించి ముద్రించవలసిన ఈ పటాల ఖర్చు అనేక వేధశాలల శక్తికి మించినందువల్ల రెండో భాగం చివరిదాకా అసంపూర్ణంగానే మిగిలింది.

ప్లేట్లు తీయడం కంటే వాటిని కొలవడమే అసలు భారమని త్వరలోనే తేలింది. సూక్ష్మదర్శిని కింద ప్లేటును పెట్టి, ప్రతి చుక్కకూ గళ్ల గీతల నుంచి గల దూరాన్ని రెండు దిశలలో చదివి పుస్తకంలో రాసుకునే ఈ పని ఎక్కువ చోట్ల తక్కువ జీతానికి కుదిరిన స్త్రీల చేతుల మీదుగా సాగింది. పారిస్‌లో ఈ కొలతల విభాగానికి డొరొతియా క్లంప్కీ అధిపతిగా ఉండేది. వాటికన్ వేధశాల తన వంతు ఆకాశాన్ని కొలవడానికి 1910లో క్రైస్తవ సన్యాసినుల సాయం కోరింది. ఎమీలియా పొంజోని, రెజీనా కొలొంబో, కొంచెత్తా ఫినార్ది, లుయీజా పాంచేరి అనే నలుగురు 1921 నాటికి 4,81,215 నక్షత్రాలను కొలిచారు. వారి పేర్లు లోకానికి తెలియడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. కటకం పేరు చెప్పగానే గ్రబ్, హెన్రీ గుర్తుకు వస్తారు గానీ, కటకం చూపినదాన్ని జ్ఞానంగా మార్చినవారు ఈ కొలతగత్తెలే.

ఆకాశాన్ని వేధశాలల మధ్య పంచడానికి క్రాంతిని, అంటే భూమధ్యరేఖను ఆకాశంలోకి పొడిగిస్తే ఏర్పడే విషువద్వృత్తం నుంచి ఉత్తరానికి గానీ దక్షిణానికి గానీ గల దూరాన్ని, ఆధారంగా తీసుకున్నారు. ఉత్తర ధ్రువ పరిసరాలు గ్రీనిచ్‌కు దక్కాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు గల పట్టీ చిలీ దేశపు శాంటియాగో వంతయింది. శాంటియాగో ఆ బాధ్యతను నెరవేర్చలేకపోవడంతో ఆ పట్టీ చివరికి హైదరాబాదుకు వచ్చింది. దీనికి పునాది వేసినవాడు హైదరాబాదు ప్రభువర్గానికి చెందిన నవాబు జఫర్ జంగ్. ఆయన 1901లో ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో వేధశాలను స్థాపించి, గ్రబ్ తయారుచేసిన 15 అంగుళాల దూరదర్శినిని, ఇంగ్లండులోని కుక్ సంస్థ తయారుచేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫును సమకూర్చుకున్నాడు. 1907లో ఆయన మరణించిన తరువాత, 1908లో నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను స్వాధీనం చేసుకొని, చాట్‌వుడ్‌ను అధిపతిగా నియమించి, బేగంపేటలో దాన్ని నెలకొల్పింది. నిజామియా వేధశాల అన్న పేరు దానికి స్థిరపడింది.

హైదరాబాదు ఎంపికకు భౌగోళిక కారణం కూడా ఉంది. దక్షిణ క్రాంతి 20 డిగ్రీల వద్ద ఉన్న నక్షత్రం గ్రీనిచ్‌లో క్షితిజం నుంచి సుమారు 18.5 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు కనుక, వాతావరణపు దట్టమైన పొరల గుండా చూడవలసి వచ్చి కొలతలు చెడతాయి. అదే నక్షత్రం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉన్న హైదరాబాదులో 50 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. 1914 నుంచి 1929 వరకు ఆ దక్షిణ పట్టీ ప్లేట్లను తీసిన నిజామియా వేధశాల, ఆ పైన జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయలేకపోయిన భాగంలో ఉత్తర క్రాంతి 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా తలకెత్తుకుంది. చాట్‌వుడ్ తరువాత పోకాక్, ఆయన తరువాత 1918 నుంచి 1944 వరకు టి.పి. భాస్కరన్ అధిపతులుగా ఉన్నారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సంక్రమించినా పని ఆగలేదు. ఫలితాలు 12 సంపుటాలుగా అచ్చయ్యాయి. ఐరోపాలోని కొన్ని సంపన్న వేధశాలలు తమ వంతునే వదిలేసిన పథకంలో, హైదరాబాదు ఇతరులు వదిలేసిన రెండు పట్టీలను ముగించింది. ఈ వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన ఉద్యోగి కుమారుడే, తరువాత కాలంలో కావలూరు వేధశాలను నిర్మించిన వైణు బప్పు. ఆయన చిన్నతనం, తొలి చదువు హైదరాబాదులోనే గడిచాయి.

గ్రీనిచ్ కటకానికి ఈ రోజువారీ పనికి మించిన ఖ్యాతి 1919లో వచ్చింది. సూర్యుని పక్కగా వచ్చే నక్షత్రకాంతి గురుత్వం వల్ల 1.75 వికళలు వంగుతుందని ఐన్‌స్టైన్ సిద్ధాంతం, అందులో సగమే వంగుతుందని న్యూటన్ సూత్రాలు చెబుతుండగా, ఆ సంవత్సరం మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం తీర్పరిగా నిలిచింది. ఆక్స్‌ఫర్డ్ ఆస్ట్రోగ్రాఫ్ కటకాన్ని ఎడింగ్టన్, కాటింగ్‌హామ్ ఆఫ్రికా తీరాన ఉన్న ప్రిన్సిపే దీవికి తీసుకువెళ్ళగా, గ్రీనిచ్ కటకాన్ని క్రామెలిన్, డేవిడ్సన్ బ్రెజిల్‌లోని సొబ్రాల్‌కు చేర్చారు. అక్కడ గ్రీనిచ్ కటకం నిరాశపరిచింది. కాంతిని కటకంలోకి మళ్ళించే అద్దం ఎండ వేడికి ఆకారం మారినందువల్ల కాబోలు, నక్షత్రాలు చెదిరిన మచ్చలుగా పడ్డాయి. వాటి నుంచి తీసిన విలువ 0.93 వికళ మాత్రమే. తోడుగా తీసుకువెళ్ళిన 4 అంగుళాల చిన్న కటకం 1.98 వికళలు, ప్రిన్సిపే ప్లేట్లు 1.61 వికళలు చూపినందువల్ల, గ్రీనిచ్ కటకపు ఫలితాన్ని పక్కన పెట్టి, నవంబరు 6న ఐన్‌స్టైన్‌కు అనుకూలంగా ప్రకటన చేశారు. పక్కన పెట్టడం పక్షపాతమన్న విమర్శ ఆ తరువాత పలుమార్లు వినిపించింది. అయితే 1979లో అవే ప్లేట్లను ఆధునిక కొలత యంత్రంతో తిరిగి చదివినప్పుడు, గ్రీనిచ్ కటకం తీసిన చిత్రాల నుంచే 1.55 వికళల విలువ, 0.34 అనిశ్చితితో, వచ్చింది. అంటే కటకం చూసినది తప్పు కాదు. చెదిరిన బింబాన్ని సరిగా చదివే సాధనం ఆనాడు లేకపోయింది.

ఆకాశపట పథకం మీద ఇంతకంటే తీవ్రమైన ఆక్షేపణ ఉంది. పదిహేనేళ్ళలో ముగుస్తుందనుకున్న పని దశాబ్దాల తరబడి సాగి, అందులో చిక్కుకున్న ఐరోపా వేధశాలల ధనాన్ని, మనుషులను హరించివేసింది. ఈ పథకంలో చేరని అమెరికా వేధశాలలు అదే కాలంలో నక్షత్రాల వర్ణపటాల అధ్యయనంలోను, పెద్ద దర్పణ దూరదర్శినుల నిర్మాణంలోను ముందుకు సాగాయి. పథకపు అంతర్జాతీయ సంఘం 1970లో విడిగా లేకుండా పోయే నాటికి, అచ్చయిన సంపుటాలు గ్రంథాలయాల అరలలో పెద్దగా ఎవరికీ పట్టని వస్తువులయ్యాయి. పైగా చాలా సంపుటాలలో ఉన్నవి ఆకాశ స్థానాలు కావు, ప్లేటు మీది మిల్లీమీటర్ల కొలతలు. వాటిని వాడదలచినవారు మళ్ళీ లెక్కలు కట్టుకోవలసి వచ్చేది.

ఈ మౌనాన్ని భంగపరచినది ఐరోపా అంతరిక్ష సంస్థ 1989లో ప్రయోగించిన హిపార్కస్ ఉపగ్రహం. అది నక్షత్రాల స్థానాలను అపూర్వమైన సూక్ష్మతతో కొలిచినా, పనిచేసినది నాలుగేళ్ళ లోపే. నక్షత్రం ఆకాశంలో ఏటా కొద్దికొద్దిగా జరగడాన్ని స్వీయ చలనం అంటారు. దాన్ని తెలుసుకోవడానికి సూక్ష్మత ఒక్కటే చాలదు, రెండు కొలతల మధ్య కాలం కూడా కావాలి. పాత ప్లేటు కొలతలో వికళలో మూడు పదోవంతుల లోపం ఉన్నా, ఆ లోపం ఎనభై ఏళ్ళ మీద పంచబడితే ఏటికి వికళలో నాలుగు వెయ్యోవంతులకు లోబడుతుంది. ఈ ప్రయోజనాన్ని గుర్తించిన వాషింగ్టన్‌లోని అమెరికా నౌకాదళ వేధశాల శాస్త్రజ్ఞులు, కంప్యూటరులోకి ఎక్కిన సంపుటాల కొలతలను, హిపార్కస్ స్థానాలను ఆధారంగా చేసుకొని తిరిగి గణించి, సుమారు 46 లక్షల నక్షత్రాల ఏసీ 2000 పట్టికను రూపొందించారు. దాని సాయంతో 2000లో వెలువడిన టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాల చలనాలను లోకానికి అందించింది. గ్రీనిచ్, వాటికన్, సిడ్నీ కొలతలతో పాటు హైదరాబాదు కొలతలు కూడా అందులో కలిసి ఉన్నాయి.

ఈ పునర్గణనంలోనే కటకాలను భద్రపరచడం ఎందుకు అవసరమో తేటపడింది. ఒకే నిబంధన ప్రకారం తయారైనా ఏ రెండు కటకాలూ సర్వసమానంగా ఉండవు. ప్లేటు అంచుల వైపు నక్షత్రపు చుక్క ఒక పక్కకు తోకలా సాగడం, ప్రకాశవంతమైన నక్షత్రాల కేంద్రం మసక నక్షత్రాల కేంద్రానికి భిన్నంగా తోచడం వంటి దోషాలు ఒక్కో సాధనానికి ఒక్కో తీరున ఉంటాయి. పాత కొలతలను శుద్ధి చేయాలంటే ఏ కటకం ఏ విధంగా తప్పుతుందో విడివిడిగా నిర్ధారించవలసి వచ్చింది. అందుచేత కటకపు దోషం కూడా శాస్త్రానికి సంబంధించిన సమాచారమే; ప్లేటును దాచి కటకాన్ని పారవేయడం, కటకాన్ని అద్దాల పెట్టెలో పెట్టి ప్లేట్లను చెదలకు, తేమకు వదిలేయడం రెండూ ఒకే కోవకు చెందిన పొరపాట్లు.

గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాలను కొలిచిన తరువాత పాత పట్టికల అవసరం తగ్గింది గానీ, 1900 ప్రాంతాల నాటి ఆకాశానికి ఆ గాజుప్లేట్లు విలువైన సాక్ష్యంగా మిగిలాయి. ఆ ప్లేట్లకు ఆధారమైన సాధనాల ప్రాముఖ్యాన్ని వాటి పాతదనంతో గానీ, ఇత్తడి మెరుపుతో గానీ కాక, అవి నమోదు చేసిన కొలతల నిజాయితీతో తూచాలి. గ్రీనిచ్ ఆస్ట్రోగ్రాఫుకు హర్స్ట్‌మన్‌సూలో దొరికిన స్థానం నిజామియా వేధశాల కటకాలకు, ప్లేట్లకు, కొలతల పుస్తకాలకు, 12 సంపుటాలకు కూడా దక్కడం న్యాయం. హైదరాబాదు చరిత్రను కోటలతో, మహళ్లతో పాటు ఈ సాధనాలతోనూ చెప్పుకోవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలపైన, ప్రదర్శనశాలలపైన, తెలుగు చరిత్రకారులపైన ఉంది.